దెబ్బకీ దెబ్బకీ మధ్య చోటు

మా చిన్నాన్నను వీధిలో అందరూ సమ్మెటాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవర్నో అనుకుని పక్కకు తప్పుకుంటాడు. బడి ఎగ్గొట్టి మా తాత కొలిమి దగ్గర చేరిన వయసు నుంచి దుకాణం మూతపడేదాకా ఆయన చేసింది ఒకటే పని, ఎర్రగా కాలిన ఇనుము మీద పెద్ద సమ్మెట వేయడం. చిన్న సుత్తి పట్టడం చేతకాక కాదు. ఆ సుత్తి మా నాన్నది, అంతే. మా నాన్న చేతిలో ఉన్నదేదీ తనకు కావాలని చిన్నాన్న ఏనాడూ అనుకోలేదు.

ఇద్దరు కలిసి ఇనుము కొట్టడం చూడనివాళ్లకు అది ఎలా ఉంటుందో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నాన్న ఎడమచేత్తో పట్టకారు పట్టుకుని కాలిన ఇనుమును దాగలి మీద, అంటే ఆ పెద్ద ఇనప దిమ్మ మీద, ఆనించేవాడు. కుడిచేతిలో చిన్న సుత్తి. దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ సుత్తితో టక్కుమని ఒకటి వేసేవాడు. సుత్తి లేచీ లేవగానే అదే చోట చిన్నాన్న సమ్మెట ధనామని దిగేది. మళ్లీ టక్, మళ్లీ ధన్. మాట ఉండదు, సైగ ఉండదు. ఆపాలంటే నాన్న సుత్తిని దాగలి పక్కకు వాల్చేవాడు. అలా వాల్చకపోతే సమ్మెట వస్తూనే ఉంటుంది. సమ్మెట వేసేవాడు ఆలోచిస్తూ నిలబడకూడదు. ఆలోచిస్తే లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే ఎదుటివాడి చెయ్యి పోతుంది.

దుకాణం మా వీధి చివర, పంక్చర్లు వేసే షెడ్డుకూ కట్టెల అడితికీ మధ్య ఇరుక్కుని ఉండేది. పాత లారీల కమాన్ పట్టీలు, అంటే చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, తెచ్చి గొడ్డళ్లు, గునపాలు, రాళ్లు కొట్టేవాళ్లకు ఉలులు చేసేవారు. గేట్లూ కిటికీ చువ్వలూ వెల్డింగువాళ్లు ఎగరేసుకుపోయాక కూడా ఉలి మొన సాగదీయించుకోవడానికి జనం వీళ్ల దగ్గరికే వచ్చేవారు. నేను బడికి జడ వేసుకున్నది ఆ చప్పుడులోనే, పాఠాలు బట్టీ పట్టింది ఆ చప్పుడులోనే. చప్పుడు ఆగితే మా అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి చూసేది. ఆగడమే మా ఇంట్లో వింత.

నాన్న చేతిలో చప్పుడు ఉండేది గానీ నోట్లో ఉండేది కాదు. రోజంతా కలిపితే నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆ లోటు చిన్నాన్న వడ్డీతో సహా తీర్చేవాడు. కొలిమి ఆరిందంటే ఆయన నోరు రాజుకునేది. లారీ డ్రైవర్ల కబుర్లు, అడితి యజమాని పిసినారితనం, మా పిన్ని చేసిన పప్పులో రాళ్లు, ఏదైనా సరే. పిన్ని ఊరుకునే రకం కాదు. "నేను కట్టుకుంది ఒకాయన్ని, వచ్చింది ఇద్దరు. మా బావగారికి ఆకలి లేకపోతే ఈయనకి జ్వరం వస్తుంది" అనేది నవ్వుతూ. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతుందో మురిపెం అంతుంది.

నాన్న కిందటేడు పోయాడు, పని మధ్యలో, దాగలి పక్కనే. అడిగినవాళ్లందరికీ అమ్మ గుండెపోటు అని చెప్పింది. అది నిజమే. అందులో చెప్పనిది ఒకటి మిగిలింది. నాకు ఇష్టం లేకపోయినా కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

నాన్న పోయిన రోజు నుంచి చిన్నాన్న దుకాణం తలుపు తీయలేదు. కొన్నాళ్లకు ఒక ఉదయం చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఉన్నవాడు ఉన్నట్టే గోడకు జారగిలబడ్డాడు. మాట తిరిగి వచ్చింది, కుడికాలు ఈడ్చుకుంటూ అయినా వచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. భుజం నుంచి తడిగుడ్డలా వేలాడేది. పిన్ని ముద్దలు కలిపి పెడుతుంటే తలుపు వేయమనేవాడు, ఎవరైనా చూస్తారని. "పసిపిల్లాడికి పెట్టినట్టు పెడుతోంది, నామర్దా" అని నాతో గొణిగేవాడు. ఆయనకు ఇంకేం అక్కర్లేదు, ఆ చెయ్యి కావాలి. దుకాణం తలుపు తనే తీయాలి, ముద్ద తనే తినాలి.

నేను జిరాక్సు సెంటర్లో పనిచేస్తాను, మధ్యాహ్నం నుంచి డ్యూటీ. కాబట్టి పొద్దుటి పూట ఆసుపత్రి తిప్పుడు నా పాలబడింది. అక్కడ కాళ్లూ చేతులూ ఆడించి కసరత్తు చేయించే ఆయన ఒకరోజు మమ్మల్ని వెనక భవనానికి పంపాడు. అక్కడ ఏదో పరిశోధన జరుగుతోందట, పక్షవాతం వచ్చినవాళ్లతో చప్పుళ్లకు తగ్గట్టు చప్పట్లు కొట్టిస్తారట. "వాయిద్యాలు నేర్పుతారా ఏంటి ఈ వయసులో?" అన్నాడు చిన్నాన్న. అయినా వచ్చాడు. ఆ చేతి కోసం తలకిందులుగా నడవమన్నా నడిచేవాడు.

ఆ గది ఒకప్పుడు సామాన్లు పెట్టుకునేదట. గోడలకు బూడిదరంగు స్పాంజి అంటించారు, అందువల్ల లోపలికి వెళ్లగానే చెవులు మూసుకుపోయినట్టు ఉండేది. మన మాట మనకే దూరంగా వినబడేది. మధ్యలో బల్ల, బల్ల మీద రబ్బరు పలక, ఎదురుగా తెర. దాన్ని నడిపే అమ్మాయి నా వయసుదే ఉంటుంది, జుట్టును పెన్సిలుతో ముడివేసుకుని ఎప్పుడూ బిస్కెట్లు నములుతూ ఉండేది. చెవులకు పెట్టే ఫోనులో చిన్న గంట మోగుతుంది కనుక చిన్నాన్న ఆమెకు గంటలమ్మాయి అని పేరు పెట్టేశాడు. ఆమెకు తెలిసింది, నవ్వి ఊరుకుంది.

"బాబాయ్ గారూ, గంట మోగినప్పుడు పలక మీద కొట్టాలి, అంతే. విని కొడితే ఆలస్యమైపోతుంది. ఇప్పుడొస్తుంది అని మెదడు ముందే ఊహించుకోవాలి. మనం నడిచినా ముద్ద ఎత్తినా లోపల ఆ ఊహే నడుస్తుంటుంది. జబ్బు చేసినప్పుడు అది చెదిరిపోతుంది. దాన్ని మళ్లీ దారిలో పెడితే చెయ్యి కూడా దారికొస్తుందా అని మేం చూస్తున్నాం."

"వస్తుందామ్మా?" అన్నాడు చిన్నాన్న.

"కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. వస్తుందని నేను మాటివ్వను." ఆ మాటతో నాకు ఆమె మీద నమ్మకం కలిగింది.

తెర మీద నిలువుగా ఒక గీత. దెబ్బ సరిగ్గా పడితే చుక్క గీత మీద పడుతుంది, ముందు పడితే ఎడమకు, ఆలస్యమైతే కుడికి. మాకు ముందు వచ్చిన రిటైరైన బస్సు డ్రైవరు చుక్కలు బియ్యం ఒలికినట్టు తెరంతా పడ్డాయి. అందరివీ మొదట్లో అలాగే ఉంటాయట. చిన్నాన్న పనిచేయని కుడిచేతిని ఎడమచేతికి అందించి, కర్ర పట్టుకున్నట్టు రెండూ కలిపి, పలక మీద వేశాడు. గంట మోగింది, కొట్టాడు. మోగింది, కొట్టాడు. చుక్కలు ఒక్కటీ గీత మీద లేదు. అన్నీ కుడివైపు, చాలా దూరంగా, ఒకదాని కింద ఒకటి దారం పట్టినట్టు దిగాయి.

గంటలమ్మాయి నమలడం ఆపింది. తీగ ఊడిందేమోనని బల్ల కిందికి దూరింది. పలక మార్చింది. నన్ను కూర్చోబెట్టి కొట్టించింది, నా చుక్కలు గీతకు అటూ ఇటూ మామూలుగా పడ్డాయి. మళ్లీ చిన్నాన్న కూర్చున్నాడు, మళ్లీ అదే దారం. గంటకూ గంటకూ సరిగ్గా నడిమధ్యన కొడుతున్నాడు. ఆమె గంట వేగం పెంచింది. గంట ఆయన్ను దాటుకుని వెళ్లిపోయింది, ఆయన దెబ్బ మాత్రం తన పద్ధతి మార్చలేదు. చివరికి గంట పూర్తిగా ఆపేసింది. చెవుల్లో ఏ చప్పుడూ లేదు. చిన్నాన్న కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, దేన్నో వింటున్నట్టు కొడుతూనే ఉన్నాడు.

ఆమె మెల్లగా ఆయన చెవుల మీంచి ఫోను తీసింది. "బాబాయ్ గారూ, మీరు ఎవరితో కలిసి కొడుతున్నారు?"

"మా అన్నతో" అన్నాడు చిన్నాన్న, అదేం ప్రశ్న అన్నట్టు.

"ఆయన ఎక్కడున్నారు?"

చిన్నాన్న నావైపు చూశాడు. "పోయారండీ. ఆ అన్నయ్యే మా నాన్న" అన్నాను. ఆ స్పాంజి గోడల మధ్య నా గొంతు నాకే పరాయిదిలా వినబడింది.

అప్పుడు నాకు ఇంట్లోని సంగతులు ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. చిన్నాన్న కుర్చీలో కూర్చుంటే ఎడమచెయ్యి కుర్చీ చెక్క మీద కొట్టుకుంటూ ఉండేది. పిన్ని ఎన్నిసార్లో తలుపు తీసి, ఎవరూ లేక, తిట్టుకుంటూ వచ్చేది. "ఎవరో తలుపు కొట్టారమ్మాయ్, నా చెవులారా విన్నా" అనేది. నడిచేటప్పుడు కూడా అంతే. ఒక అడుగు వేసి ఆగేవాడు, పక్కన ఎవరో అడుగు వేయాలన్నట్టు. కాలు ఈడుస్తున్నాడు కదా, అందుకేననుకున్నాం. ఆసుపత్రి వరండాలో ఆయన వెనకాల నడుస్తుంటే ఆ ఆగిన చోట నాకు తెలియకుండానే చెవి పెట్టడం మొదలుపెట్టాను. నాకేమీ వినబడేది కాదు. నాన్న పోయాక నాకు ఒక్కసారీ కలలో కూడా వినబడలేదు. చిన్నాన్నకు మాత్రం రోజంతా వినబడుతున్నాడు. చెప్పకేం, నాకు కుళ్లు పుట్టింది.

తర్వాతి వారం గంటలమ్మాయి అసలు సంగతి చెప్పింది. ఆయన లెక్క చెడలేదు, చాలామంది కంటే బాగుంది. కానీ ఆ లెక్క బయటి చప్పుడును దగ్గరికి రానివ్వడం లేదు. ఎడమచెయ్యి లాక్కెళ్తే కుడిచెయ్యి శవంలా వెంట వస్తోంది, అంతే. కుడిచేతిని ఒంటరిగా పలక మీద పెట్టి గంటతో పాటు కొట్టించాలి. అందుకు ముందు ఎడమచెయ్యి అయినా గంట మీద పడాలి. "ఈ విడత అయ్యేలోపు గంటతో కలవకపోతే మిమ్మల్ని ఇందులోంచి తప్పించాల్సి వస్తుంది బాబాయ్ గారూ. నా చేతిలో లేదు అది" అంది. చిన్నాన్న మొహం కొలిమి ఆరినట్టు అయింది.

"మధ్యలో కాకుండా గంట మీదే కదా, ఎంతసేపు" అని గొంతు సవరించుకుని కూర్చున్నాడు. ఎడమచెయ్యి ఎత్తాడు. గంట మోగే క్షణానికి దించబోయి, పలక దాకా వచ్చి, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ లాక్కున్నాడు. చెమటలు కారిపోయాయి. ఫోను పీకి బల్ల మీద పెట్టేశాడు.

"నావల్ల కాదమ్మా. అక్కడ మా అన్న చెయ్యి ఉంది."

ఇక చెప్పక తప్పదు. నాన్న పోయిన రోజు కమాన్ పట్టీ ముక్క ఒకటి దాగలి మీద ఉంది. టక్, ధన్, టక్, ధన్. నాన్న సుత్తి దిగింది. దిగి, లేవలేదు. పక్కకు వాల్చలేదు, ఆపమనలేదు, అలాగే ఇనుము మీద ఉండిపోయింది, దాని మీద నాన్న చెయ్యీ ఉండిపోయింది. సమ్మెట తన వేళకు తను దిగింది. గుండె ముందే ఆగిందని, దెబ్బ తగిలే సరికే మనిషి లేడని డాక్టరు చెప్పాడు. అమ్మ ఆ చేతికి తువ్వాలు చుట్టి ఎవరినీ విప్పనివ్వలేదు. ఎవరూ చిన్నాన్నను ఒక్క మాట అనలేదు. ఆయనను ఎవరూ ఓదార్చనూ లేదు. ఆ తువ్వాలు మా అందరి నోళ్లకూ చుట్టుకుంది.

నాకు చిన్నాన్న మీద కోపం ఉందా అంటే, ఉంది. అది న్యాయం కాదని తెలుసు, తెలిస్తే పోతుందా? ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నప్పుడు కూడా ఈ చెయ్యే కదా అని ఒక్క క్షణం అనిపించేది. ఆయనకూ అది తెలుసేమో. రోడ్డు దాటగానే చెయ్యి విడిపించుకునేవాడు.

గంట మీద కొట్టలేకపోయిన ఆ రోజు ఆసుపత్రి నుంచి బస్టాపు దాకా నడిచి వచ్చాం. బెంచీ మీద కూర్చున్నాక ఆయన ఎడమచెయ్యి మళ్లీ బెంచీ చెక్క మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి కొట్టి ఆగుతోంది, ఒకటి కొట్టి ఆగుతోంది. పక్కనున్న ముసలామె విసుక్కుని లేచి వెళ్లిపోయింది. నాకు తిక్క రేగింది.

"చాలించు చిన్నాన్నా! ఎవరికోసం ఆగుతున్నావు? నాన్న లేడు. ఆ చోటు ఖాళీ. నువ్వు అక్కడ చెయ్యి పెట్టకపోతే ఇంకెవరు పెడతారు? రేపట్నుంచి పిన్ని చేతి ముద్దలే తింటూ కూర్చుంటావా?"

బస్టాపులో అందరూ మావైపు తిరిగారు. చిన్నాన్న చెయ్యి ఆగింది. బస్సు ఎక్కాక కిటికీలోంచి చూస్తూ, "ఖాళీ అని నువ్వంటున్నావు" అన్నాడు నెమ్మదిగా.

మరుసటి సారి తనే ముందు నడిచి గదిలోకి వెళ్లాడు. కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి పలక మీద పెట్టుకున్నాడు. "ఇవాళ అన్న చోట కూర్చుంటానమ్మా" అన్నాడు గంటలమ్మాయితో. ఆమె గంట పెట్టింది. ఎడమచెయ్యి మొదటిసారి గంట మీద పడింది. రెండోది కూడా పడింది. చుక్క గీత దగ్గరికి జరిగింది. ఇంకో రెండు దెబ్బలు పడ్డాయో లేదో, పక్కన పలక మీద చచ్చినట్టు పడి ఉన్న కుడిచెయ్యి గబుక్కున వెనక్కి లాక్కుంది.

"బాబాయ్! కదిలింది! దానంతట అదే కదిలింది!" గంటలమ్మాయి కుర్చీలోంచి లేచిపోయింది. నేనూ లేచాను. చిన్నాన్న మాత్రం పాలిపోయి, ఆ చేతిని ఎడమచేత్తో గుండెకు హత్తుకుని, పైకి చూస్తున్నాడు. నేనూ పైకి చూశాను. పైన స్పాంజి, ట్యూబులైటు, అంతే.

"ఏంటి చిన్నాన్నా?"

"సమ్మెట వస్తోందమ్మా" అన్నాడు. "మధ్యలోంచి వస్తోంది. పెద్దది. అక్కడ కూర్చుంటే ఇలా ఉంటుందని నాకు తెలీదు. నెత్తి మీదకి వస్తున్నట్టే ఉంటుంది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేను మొన్నమొన్న పని నేర్చుకునేటప్పుడు ఎన్ని వంకర దెబ్బలు వేశాను! అన్న ఒక్కనాడైనా చెయ్యి వెనక్కి తీయలేదే. నన్ను చూసి ఒక్కనాడైనా జడవలేదే." మొన్నమొన్న అంటున్నది ఆయన మీసం రాని రోజుల గురించి. ఏడవడం మొదలుపెట్టాడు, కుడిచేతిని పట్టుకునే ఏడ్చాడు.

అప్పట్నుంచి అదే తంతు. గంట మీద కొట్టగలుగుతున్నాడు, కుడిచెయ్యి కూడా పలక మీద నుంచి పిసరంత లేస్తోంది, కానీ రెండు దెబ్బల మధ్య ఆ చోటు రాగానే చెయ్యి బెదిరి వెనక్కి పోతోంది. చుక్కలన్నీ మళ్లీ చెదిరాయి. ఇంట్లో మాట తగ్గించేశాడు. పిన్ని నాతో, "మీ చిన్నాన్న ఉలిక్కిపడుతున్నాడమ్మాయ్. పళ్లెం పెట్టినా ఉలిక్కిపడుతున్నాడు. ఇదివరకే నయం, కొడుతూ అయినా ఉండేవాడు" అని కళ్లొత్తుకుంది. నాన్న చప్పుడు ఇక ఆయనకు వినబడటం లేదు. ఇప్పుడు వినబడుతున్నది తన చప్పుడే. దాన్నుంచి పారిపోవడానికి ఆయనకు చోటు లేదు.

విడత ముగియబోతుండగా గంటలమ్మాయి నన్ను వరండాలోకి పిలిచింది. "ఆయనకి వినబడేది ఎప్పుడు దిగుతుందో, ఎంత గట్టిగా దిగుతుందో ఆయనకి తెలీదు. అందుకే భయం. మధ్యలో పడే ఆ దెబ్బ నిజంగా ఎవరైనా వేస్తే, కళ్ల ముందు కనబడితే, చెయ్యి నిలుస్తుందేమో. ఇది నా ఊహే, ఎక్కడా రాసి లేదు. మీరు వేస్తారా?"

"నేనా? ఇంకెవరూ దొరకలేదా?"

"నేను వేస్తే నా లెక్కలో వేస్తాను. మీరు ఆ చప్పుడులో పెరిగారు కదా."

లోపల చిన్నాన్న అప్పటికే కూర్చున్నాడు. గంటలమ్మాయి, కొసకు గుడ్డ చుట్టిన బరువైన కర్ర ఒకటి నా చేతిలో పెట్టి, ఆయన పలక పక్కన ఇంకో పలక పెట్టబోయింది. చిన్నాన్న దాన్ని ఎడమచేత్తో నెట్టేశాడు. "ఇద్దరు ఒకే చోట కొట్టాలి తల్లీ. పక్కపక్కన కొట్టుకుంటే అది పనే కాదు" అన్నాడు. కుడిచేతిని ఒక్కదాన్నే పలక మీద ఆనించుకున్నాడు. ఎడమచేతిని ఒళ్లో పెట్టేసుకున్నాడు.

నేను ఎదురుగా నిలబడి కర్ర ఎత్తాను. ఎత్తాక నాకు ఆయన మొహం కనబడలేదు. పలక కనబడింది, దాని మీద వాచినట్టున్న వేళ్లు కనబడ్డాయి. సమ్మెట ఎత్తినవాడికి కనబడేది ఇంతే అన్నమాట. దెబ్బ పడాల్సిన చోటు తప్ప ప్రపంచంలో ఇంకేమీ ఉండదు. నాన్న సుత్తి లేవలేదని చిన్నాన్న ఎలా చూసి ఉంటాడు? చూసే వేళకు సమ్మెట సగం దారిలో ఉండి ఉంటుంది. కర్ర దించేశాను.

"నావల్ల కాదు చిన్నాన్నా. నీ చెయ్యి సరిగ్గా లేవదు. లేవకపోతే?"

"ఇవాళ బెదిరి లాక్కోనులే. కొట్టి లేపుతా."

"లేవకపోతే ఏం చేయాలి నేను?"

"లేవకపోతే తగులుతుంది" అన్నాడు విసుగ్గా, నాకు పని నేర్పుతున్నట్టు. "నువ్వు నీ వేళకి కొడతావు. చెయ్యి లేవకపోతే అందులో నీ తప్పేముంది?"

అని, ఆగిపోయాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. గంటలమ్మాయి తెరవైపు తిరిగి కూర్చుంది. అప్పుడు నేనే అన్నాను. ఇంట్లో అందరం ఎప్పుడో అనాల్సిన మాట.

"నీ తప్పూ లేదు చిన్నాన్నా."

ఆయన కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో పలక మీద సరిచేసుకున్నాడు. తర్వాత గంటలమ్మాయితో, "పెట్టమ్మా" అన్నాడు.

గంట మోగింది. చిన్నాన్న కుడిచెయ్యి ఒంటరిగా లేచి పలక మీద పడింది. చాలా చిన్న దెబ్బ, టక్. లేచింది. నేను కళ్లు మూసుకోకుండా కర్ర దించాను. చెయ్యి అంచునే, వేలెడు దూరంలో పడింది. ఆ చెయ్యి వెనక్కి పోలేదు. మళ్లీ టక్. మళ్లీ నాది. కాసేపటికి గంట ఏమైందో నాకు తెలియదు, నా చెవికి అందింది నా దెబ్బకు ముందు పడుతున్న ఆ చిన్న దెబ్బ ఒక్కటే. నేను జడ వేసుకుంటూ విన్నది, పాఠాలు బట్టీ పడుతూ విన్నది, అదే తీరు, అదే తొందరలేనితనం. అది మా నాన్న. చిన్నాన్న చేతిలోంచి మా నాన్న నాకు వినబడుతున్నాడు. నా మొహం తడిసిపోయింది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గంటలమ్మాయి ఎక్కడ ఆపమంటుందోనని భయపడుతూ ఇద్దరం కొడుతూనే ఉన్నాం.